బడిలో ‘బడు’: పౌరశాస్త్రంలో కర్తలెవరు?

పటమటలో బందరు రోడ్డుకు దిగువన ఒక ఇంటి వరండాలో సాయంత్రంపూట బడిపిల్లలతో కూర్చుని పాఠాలు చదివించడం మాలో కొందరికి అలవాటు. ఒకరోజు సాంఘికం పుస్తకంలో మున్సిపాలిటీ పాఠం వచ్చింది. పురపాలక సంఘం విధులు. మాటలు అటూ ఇటూ అయినా ఆ పాఠం తరతరాలుగా ఒకేలా ఉంటుంది: వీధులు శుభ్రం చేయబడతాయి, చెత్త తొలగించబడుతుంది, మురుగు కాలవలు బాగుచేయబడతాయి, దీపాలు వెలిగించబడతాయి. ఒక పిల్ల గుక్కతిప్పుకోకుండా చదివేసి పుస్తకం మూసింది.

‘చెత్త ఎవరు తీస్తారమ్మా?’ అని అడిగాం.

‘మున్సిపాలిటీ అన్నా.’

‘మున్సిపాలిటీ అంటే ఎవరు?’

పాఠంలో ఉన్నట్టే చెప్పింది: మేయరు, కమిషనరు, కార్పొరేటర్లు. పక్కనున్న తమ్ముడు కిసుక్కున నవ్వాడు. ‘అమ్మేగా తీసిద్ది!’ అన్నాడు. ఆ పిల్ల వాడి తొడమీద గిల్లి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

వాళ్ళమ్మ తెల్లారకముందే చీపురు పట్టుకుని బందరు రోడ్డెక్కే కాంట్రాక్టు కార్మికురాలు. ఆ సంగతి పిల్లకు తెలియక కాదు. చెత్త ఎవరు తీస్తారో, వాళ్ళది ఏ కులమో, జీతం ఎన్నో తారీఖున పడుతుందో, పడకపోతే ఎవరి దగ్గరికెళ్ళి అడగాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పురపాలన గురించి ఆ తరగతిలో అందరికన్నా ఎక్కువ తెలిసిన పిల్ల ఆమె. ఆ తెలివి పరీక్షలో రాసేది కాదని కూడా ఆమెకు తెలుసు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రభుత్వం గురించీ రాజకీయాల గురించీ బడిలో చెప్పే పాఠం దళిత పిల్లలకు తెలియనిదాన్ని నేర్పడం అటుంచి, తెలిసినదాన్ని తెలియనట్టు ఉండడం నేర్పుతోంది. ఈ పని అది బూతులు తిట్టి చేయడం లేదు, అబద్ధాలాడి కూడా చేయడం లేదు. వ్యాకరణంతో చేస్తోంది.

‘బడు’ చేసే పని

తెలుగు పీరియడ్లో పిల్లలకు కర్తరి వాక్యం, కర్మణి వాక్యం అని చెబుతారు. ‘రాముడు రావణుని చంపెను’ కర్తరి. ‘రావణుడు చంపబడెను’ అంటే కర్మణి. కర్మణి వాక్యం తెలుగుకు సహజం కాదనీ, రాతలో తప్ప నోట్లో పలకదనీ ఆ మాష్టారే చెబుతారు. గంట కొట్టాక సాంఘికం మాష్టారు వస్తారు. ఇక ఆ నలభై నిమిషాలూ అసహజమైన ఆ వాక్యమే రాజ్యమేలుతుంది. చట్టాలు చేయబడతాయి. పన్నులు వసూలు చేయబడతాయి. హక్కులు కల్పించబడ్డాయి. అంటరానితనం నిషేధించబడింది.

ఈ చివరి వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. నిషేధించింది ఎవరు? రాజ్యాంగం అనుకుందాం. పాటించింది ఎవరు? వాక్యంలో చోటే లేదు. ఎవరిమీద పాటించారు? అదీ లేదు. పాటించినవాడూ లేక, పడినవాడూ లేక, అంటరానితనం ఒక్కటీ గాలిలో తేలుతూ ఉంటుంది, మలేరియాలాగా, తుపానులాగా. అందుకే అది ‘సాంఘిక దురాచారాలు’ అనే శీర్షిక కింద వరకట్నం, మూఢనమ్మకాల పక్కన కూర్చుంటుంది. తుపాను వచ్చి పోయింది, అంతేగదా!

చట్టం భాష కూడా ఇలాగే ఉంటుంది గదా అని మిత్రులు అనొచ్చు. నిజమే, 17వ అధికరణం ‘రద్దు’ అనే అంటుంది. కానీ చట్టం అక్కడ ఆగదు. అంటరానితనం కారణంగా ఎవరినైనా అశక్తులను చేయడం నేరమని వెంటనే చెబుతుంది. నేరం అన్నాక నేరస్తుడు ఉండి తీరాలి. ఆ నేరస్తుణ్ణి పట్టుకోడానికే 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అది చాలక 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమన్నారు. అదీ చాలక 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అంటే చట్టం ఒక్కో మెట్టూ కర్త వైపు నడిచింది. పాఠ్యపుస్తకం మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయి దండం పెట్టింది.

15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా ఉంటుంది. పిల్లలు దాన్ని ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా బట్టీపడతారు. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 16న గొడవ మొదలైంది చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీళ్ళను పాడుచేయొద్దన్నందుకు, బిందె పట్టుకుని ఎదురు నిలిచిన మున్నంగి సువార్త మీద కమ్మ యువకులు చెయ్యి చేసుకోబోయారు. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాముల గుంపు పల్లె మీద పడి ఆరుగురు మాదిగలను చంపింది. రాజ్యాంగంలో ‘చెరువు’ అనే మాట ఎందుకుందో సువార్తకు తెలిసినంతగా ఏ గైడుకు తెలుసు?

మన మాటల్లో కూడా ‘బడు’ ఉంది. నిలబడు, కలబడు, తిరగబడు. వీటిలో కర్త మాయం కాడు. నిలబడినవాడు ఎదురుగా కనిపిస్తాడు. పుస్తకం ఎంచుకున్న ‘బడు’ ఇది కాదు.

పౌరుడి అడ్రసు

పౌరుడు అంటే పురంలో ఉండేవాడని నిఘంటువు అర్థం. మన పల్లెలు పురంలోనే కాదు, ఊళ్ళో కూడా లేవు. కృష్ణా డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె ఒక దిక్కు, మాదిగపల్లె ఇంకో దిక్కు, మధ్యలో కాలవో డొంకో. పాఠ్యపుస్తకంలో గ్రామం బొమ్మ వేస్తారు: పంచాయతీ ఆఫీసు, బడి, పోస్టాఫీసు, రచ్చబండ, గుడి, బావి. ఆ బొమ్మలో పల్లె ఎక్కడుందని అడిగితే పిల్లలు పుస్తకం అంచు చూపిస్తారు. సరిగ్గానే చూపిస్తారు.

ఈ గ్రామం ఎవరిదో మనకు తెలుసు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ ఊరిని పొగిడేవాళ్ళను నిలదీశాడు. ఈ రాజ్యాంగానికి ప్రమాణం ఊరు కాదు, వ్యక్తి అని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత గ్రామ పంచాయతీల గురించి 40వ అధికరణం చేరింది. సభలో జరిగిన ఈ వాదమంతా పాఠంలో ఉంటే అది నిజమైన రాజకీయ పాఠం అయ్యేది. అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాత అని పొగుడుతూనే, ఆయన కాదన్న గ్రామాన్నే పాఠ్యపుస్తకం బొమ్మగా వేసింది. 1992లో 73వ సవరణ వచ్చి సర్పంచి పదవుల్లో ఎస్సీలకూ ఆడవాళ్ళకూ రిజర్వేషన్ తప్పనిసరి చేశాక పాఠంలో ఒక పేరా పెరిగింది. రిజర్వుడు సర్పంచి కుర్చీలో ఎవరు కూర్చుంటారు, చెక్కుమీద సంతకం ఎవరి ఇంట్లో జరుగుతుంది అనే ప్రశ్న మాత్రం పెరగలేదు.

పటమట పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి పుస్తకమే అక్కరలేదు. పటమట ఒకప్పుడు పంచాయతీ. బెజవాడ 1888లో మున్సిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. 1985లో పటమట, గుణదల, భవానీపురం పంచాయతీలను కార్పొరేషన్‌లో కలిపేశారు. పొలాలు సైట్లయ్యాయి, సైట్లు అపార్టుమెంట్లయ్యాయి. డెల్టా నీళ్ళు 1855లో ఆనకట్టతో ఎవరి పొలానికి చేరాయో, నూట ముప్పయ్యేళ్ళ తర్వాత ఆ పొలం గజాల లెక్కన ఎవరికి లాభం తెచ్చిందో ఒక వీధిలో నడిచి చెప్పొచ్చు. పొలం ఉన్నవాడు బిల్డరయ్యాడు, పొలంలో కూలికెళ్ళినవాళ్ళ పిల్లలు ఆటోనగర్ షెడ్లకూ కార్పొరేషన్ చీపురుకూ వెళ్ళారు. గ్రామం పురమైంది. పౌరులైంది ఎవరు? స్థానిక స్వపరిపాలన మీద ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఉంటుందా? పరీక్షలో వచ్చేది మాత్రం కార్పొరేషన్ కావడానికి ఎంత జనాభా కావాలి అనే ఖాళీ.

బెజవాడ సభ ఏ పాఠంలో ఉంది?

రాజకీయం అంటే పదవులూ వయసులూ అని పుస్తకం అంటుంది. రాష్ట్రపతికి 35, రాజ్యసభకు 30, లోక్‌సభకు 25. ఈ అంకెలు ప్రతి బిట్ పేపర్లో వచ్చాయి. తమ పేరు తామే పెట్టుకోవడం రాజకీయం కాదా?

1917 నవంబరులో ఈ బెజవాడలోనే పంచమ మహాజన సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు పూనుకుని పిలిచిన సభకు హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. పంచములం మేం కాదు, ఈ నేలమీద మొదటివాళ్ళం మేమే అని వాదించాడు. ఆ సభ ఆది-ఆంధ్ర మహాసభ అయింది. ఆ రోజుల్లో పంచములు కొండెక్కుతారనే భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత తిట్టుపేర్లు తీసేసి ఆది-ద్రావిడ, ఆది-ఆంధ్ర అనే పేర్లను కాగితాల మీద ఒప్పుకుంది. శాసనమండలిలో ఆ తీర్మానం పెట్టింది ఎం.సి. రాజా.

చూడండి, ఈ ఒక్క ఘటనలో పౌరశాస్త్రం మొత్తం ఉంది. జనం సభ పెట్టుకున్నారు, అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు, తీర్మానం చేశారు. ఒక ప్రతినిధి దాన్ని శాసనమండలిలో మాట్లాడాడు, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, జనాభా లెక్కల్లో పేరు మారింది. సభ, తీర్మానం, ప్రాతినిధ్యం, ఉత్తర్వు. ఈ నాలుగు మాటలకూ నిర్వచనాలు బట్టీపట్టించే మాష్టారుకు పక్క వీధిలో దొరికే ఉదాహరణ ఇది. పైగా ఇందులో కర్తలున్నారు. తలుపులు మూసినవాళ్ళూ ఉన్నారు. అందుకేనేమో ఇది పాఠం కాలేదు. స్వాతంత్ర్యోద్యమం చరిత్ర పాఠంలోకి వెళ్ళింది, రాజ్యాంగం పౌరశాస్త్రంలోకి వెళ్ళింది. ఆ రెంటి మధ్య గోడ దగ్గర ఆది-ఆంధ్ర ఉద్యమం రాలిపోయింది. తెల్లదొరలు పోతే వచ్చేది నల్లదొరతనమేనా అని 1920ల్లో కుసుమ ధర్మన్న అడిగిన ప్రశ్న కూడా అక్కడే రాలిపోయింది. అది పాట కాబట్టి తెలుగు పాఠంలో వేయాలంటారు, తెలుగు వాళ్ళేమో అది రాజకీయం అంటారు!

మెట్ల బొమ్మ

న్యాయవ్యవస్థ పాఠంలో ఒక మెట్ల బొమ్మ తప్పకుండా ఉంటుంది. అడుగున మున్సిఫ్ కోర్టు, పైన జిల్లా కోర్టు, ఆపైన హైకోర్టు, శిఖరాన సుప్రీంకోర్టు. కింద న్యాయం దొరక్కపోతే పైమెట్టు ఎక్కవచ్చునని పాఠం చెబుతుంది. న్యాయం ఎక్కేకొద్దీ పెరుగుతుందని పిల్లవాడు అనుకుంటాడు.

తెనాలి పక్కనున్న చుండూరు చెప్పే పాఠం వేరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు ఏళ్ళతరబడి కొట్లాడి, 1989 చట్టం కింద ప్రత్యేక కోర్టును తమ ఊళ్ళోకే తెచ్చుకున్నారు. న్యాయస్థానం మెట్లు దిగి పల్లె దగ్గరికి రావడం ఈ దేశంలో అరుదైన సంగతి. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

కిందిమెట్టు ఇచ్చినదాన్ని పైమెట్టు తీసేసుకుంది. ఈ సంగతి చెబితే పిల్లలకు కోర్టులమీద నమ్మకం పోతుందని ఉపాధ్యాయ మిత్రులు కొందరు భయపడతారు. మా అనుభవం వేరు. పిల్లలు అడిగిన ప్రశ్నలు ఇవి: ఊళ్ళో కోర్టు పెట్టమని అడగొచ్చా? ఎవరిని అడగాలి? సాక్షులకు భయం ఉంటే ఏంచేస్తారు? పైకోర్టు తప్పని ఎవరు చెప్పొచ్చు? ఏ గైడులోనూ లేని ఈ ప్రశ్నలే న్యాయవ్యవస్థ పాఠం. కోర్టు అంటే దేవుడి గుడి అని నేర్చుకున్న పిల్ల అక్కడ అన్యాయం జరిగితే కర్మ అనుకుంటుంది. అది మనుషులు నడిపే వ్యవస్థ అని నేర్చుకున్న పిల్ల అప్పీలుకు వెళుతుంది.

సర్టిఫికెట్టు

పటమట చుట్టుపక్కల పదో తరగతి పిల్లలు ప్రభుత్వాన్ని మొట్టమొదట ముఖాముఖి కలిసేది ఎక్కడ? ఓటు దగ్గర కాదు, కులం సర్టిఫికెట్టు దగ్గర. వెనక ఎమ్మార్వో ఆఫీసు, ఇప్పుడు సచివాలయం. కౌంటరు మారింది, క్యూ మారలేదు. అఫిడవిట్టు, విచారణ, సంతకం, ఆలస్యం, చేతి ఖర్చు. కార్యనిర్వాహక శాఖ అంటే ఏంటో ఆ క్యూలో నిలబడిన పిల్లకు ఒక్క పూటలో అర్థమవుతుంది.

అక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. ప్రాథమిక హక్కుల్లో మతస్వేచ్ఛ ఉందని పుస్తకం చెబుతుంది. కృష్ణా డెల్టా మాల మాదిగ పల్లెల్లో చర్చి లేని చోటు తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవ దళితులను చేర్చలేదు. వాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సి. తాతల నాటినుంచి ప్రార్థన చేసుకునే ఇంటి పిల్ల మతం అనే గడి ముందు పెన్ను పట్టుకుని ఆగుతుంది. 25వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛను వాడుకుంటే 16వ అధికరణం ఇచ్చిన రిజర్వేషన్ పోతుంది. చర్చికి వెళ్ళినా పల్లె మారలేదు, అమ్మ చీపురు మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు.

ఇది తప్పో ఒప్పో పాఠ్యపుస్తకం తేల్చమని మేం అడగడం లేదు. దీనిమీద మనలోనే వాదాలున్నాయి. సుప్రీంకోర్టు గడపలో కూడా ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న ఇది. కానీ హక్కుకూ హక్కుకూ మధ్య గొడవ వస్తే రాజ్యాంగాన్ని ఎలా చదవాలి అనేది రాజనీతి శాస్త్రంలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఆ పాఠం పుస్తకం తెరవకముందే ఆ పిల్ల ఇంట్లో ఉంది. పుస్తకం మాత్రం ఆరు హక్కులను వరసగా చెప్పి జతపరచమంటుంది.

కొత్త పుస్తకాలు, పాత పరీక్ష

అన్ని పుస్తకాలూ ఒకటేనని మేం అనడం లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పౌరశాస్త్రం అనే పాత పేరునే ప్రశ్నించింది. తెల్లవాళ్ళ కాలంలో విధేయులైన ప్రజలను తయారుచేయడానికి పుట్టిన సబ్జెక్టు అని గుర్తించి, రాజనీతి శాస్త్రం వైపు మళ్ళమంది. ఆ తర్వాత వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాల్లో చిన్నప్పుడు రైలు దిగిన అంబేద్కర్‌కు బండివాళ్ళు చేసిన అవమానం ఉంది, బడిలో చీపురు పట్టిన ఓంప్రకాశ్ వాల్మీకి ఉన్నాడు. మన రాష్ట్రం కూడా 2012-14 మధ్య కొత్త సాంఘిక పుస్తకాలు తెచ్చి చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం మధ్య గోడలు తీసింది. కర్తలు కొంచెం కొంచెంగా కనిపించడం మొదలైంది. ఇది మామూలు సంగతి కాదు.

అయినా రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఈ పుస్తకాల్లోకి మనం ఎక్కువగా దెబ్బలు తిన్నవాళ్ళంగానే వచ్చాం. వాల్మీకి చేతిలో చీపురు కనిపించింది, ఆయన చేతిలో కలం కనిపించినంత కాదు. జాలిపడే పిల్లవాడు పుస్తకం చదివేవాడు, జాలికి పాత్రమయ్యేవాడు పుస్తకం లోపలివాడు. ఆ రెండోవాడు కూడా అదే తరగతిలో ఆఖరి బెంచీ మీద కూర్చుని ఉన్నాడని రాసినవాళ్ళకు ఎప్పుడూ గుర్తుండదు.

2012 మే నెలలో జరిగిన గొడవ ఇదే. పదకొండో తరగతి రాజనీతి పుస్తకంలో 1949 నాటి శంకర్ కార్టూను వేశారు. రాజ్యాంగం అనే నత్తమీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ. పార్లమెంటులో దళిత సభ్యులు అభ్యంతరం చెబితే మేధావులు విస్తుపోయారు. కార్టూనులో హాస్యం అర్థంకాని మొరటువాళ్ళన్నారు. కొరడా వెనక నిలబడిన బొమ్మను చూసి నవ్వే క్లాసులో కొరడా దెబ్బల జ్ఞాపకం ఉన్న పిల్లవాడు కూడా ఉంటాడనేది హాస్యం తెలియకపోవడం కాదు. అదే సమయంలో మేం ఇంకోమాట కూడా అంటాం. ఆ కార్టూను పేరుతో, అంతకుముందు పుస్తకాలకన్నా ఎంతో మెరుగైన ఆ పుస్తకాలనే ఎత్తేయాలన్నవాళ్ళు మన మేలు కోరినవాళ్ళు కారు. ఆ పుస్తకాలకు సలహాదారులైన సుహాస్ పల్శీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పుణేలో పల్శీకర్ గదిమీద దాడి జరిగింది. వాదించవలసిన చోట కుర్చీలు విరగ్గొట్టడం అంబేద్కర్ చూపిన దారి కాదు.

రెండోది పరీక్ష. పుస్తకం ఎంత మారినా ప్రశ్నపత్రం పాతదారే పట్టింది. గైడు వచ్చింది, గైడులో కర్తలు మళ్ళీ మాయమయ్యారు. వాల్మీకి అనుభవం కూడా ‘రచయిత ఎదుర్కొన్న సమస్యలను ఐదు వాక్యాల్లో రాయుము’ అయింది. ఐదు వాక్యాలూ ‘బడు’తోనే ముగిశాయి.

మిగిలిపోయిన గ్రూపు

బెజవాడ కార్పొరేట్ కాలేజీల ఊరు. బెంజి సర్కిల్ నుంచి ఏ దిక్కు చూసినా ర్యాంకుల ఫోటోలే. ఇక్కడ పదో తరగతి పాసైన పిల్లకు గ్రూపులకు కూడా వర్ణవ్యవస్థ ఉందని వెంటనే తెలుస్తుంది. ఎం.పి.సి., బైపీసీ పైన. సి.ఇ.సి. మధ్యలో. హెచ్.ఇ.సి. అట్టడుగున. ఇంటర్మీడియట్‌లో ఇప్పటికీ పౌరశాస్త్రం అనే పేరుతోనే ఉన్న ఈ సబ్జెక్టును పెద్ద ఫీజుల కాలేజీలు చాలావరకు చెప్పనే చెప్పవు. అది సర్కారు జూనియర్ కాలేజీకి, అంటే మన పిల్లలకు, మిగిలింది. ‘లెక్కలు రాకపోతే సివిక్స్’ అనే మాట మన ఇళ్ళలో కూడా వినిపిస్తుంది.

ఇక్కడ మమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. మన పిల్లలు లెక్కలు, సైన్సు చదవాలి. ఇంగ్లీషు చదవాలి. దళితులకు సాంఘికశాస్త్రాలు చాలునని ఎవరన్నా అంటే అది కొత్త మనుధర్మమే. మేం అడుగుతున్నది వేరే. పాలించే కులాలు తమ పిల్లలకు ఈ సబ్జెక్టు చెప్పించకపోయినా నష్టం లేదు. పాలన వాళ్ళ ఇంట్లో భోజనాల దగ్గరే నడుస్తుంది. మేనమామ కాంట్రాక్టరు, పెదనాన్న ఎమ్మెల్యే, బాబాయి వకీలు. వాళ్ళకు పౌరశాస్త్రం పాలతో వస్తుంది. మన పిల్లకు ఆ చుట్టరికం లేదు. చట్టం ఎవరు చేస్తారో, ఎలా మారుస్తారో బడిలోనే నేర్చుకోవాలి. బడిలో దాన్ని పనికిరానిదిగా నేర్పితే నష్టపోయేది ఎవరు?

బందరు రోడ్డుమీదే స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. ఈ అంకె ఇప్పుడు జనరల్ నాలెడ్జి బిట్టు. ఆ మనిషి 1912లో బొంబాయి విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివింది ఏ సబ్జెక్టులు? ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. ఇప్పుడు ఈ ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళ గ్రూపు అనే సబ్జెక్టులవే. విగ్రహానికి దండ వేసి ఇంటికొచ్చి, సివిక్స్ తీసుకుంటానన్న కూతుర్ని తిట్టే తండ్రులం మనమే.

మనం ఇంకో పొరపాటు కూడా చేశాం. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగులు, బెజవాడలో గ్రూప్స్ కోచింగులు. పాలిటీ పేరుతో రాజ్యాంగాన్ని మన యువకులు అధికరణం నెంబరుతో సహా కంఠతా చెబుతారు. ఉద్యోగం కావాలి, తప్పులేదు. కానీ రాజ్యాంగం బిట్ల మూటగా చదివినవాడు ఉద్యోగం వచ్చాక ఆ సర్టిఫికెట్ కౌంటరు అవతల కూర్చుని క్యూలో ఉన్న మనవాళ్ళను ‘రేపు రా’ అంటాడు. 1949 నవంబరు 25న అంబేద్కర్ చెప్పిన వైరుధ్యం, రాజకీయాల్లో సమానత్వం, సంఘంలో అసమానత్వం, ఇప్పుడు కౌంటరుకు రెండు వైపులా మనవాళ్ళతోనే నడుస్తోంది.

ఏం చేయాలి?

పుస్తకం మార్చమని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండాలి. అది మారేదాకా ఆగనక్కర లేదు. 1957లో అమెరికాలో సౌత్ కరోలినా తీరంలోని జాన్స్ దీవిలో సెప్టిమా క్లార్క్ అనే నల్ల ఉపాధ్యాయురాలు పెద్దవాళ్ళకు పౌరసత్వ బడి పెట్టింది. ఓటు నమోదు కావాలంటే నల్లవాళ్ళు రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపాలని అక్కడి తెల్లవాళ్ళు షరతు పెట్టారు. మొదటి బడిలో చదువు చెప్పింది జుట్టు అలంకరించే వృత్తిలో ఉన్న బెర్నీస్ రాబిన్సన్. ఆమె పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టలేదు. ఏం నేర్చుకోవాలని ఉందని వాళ్ళనే అడిగింది. సంతకం, మనియార్డరు ఫారం, ఓటు నమోదు ఫారం, ఆ తర్వాత రాజ్యాంగం. అడ్డంగా పెట్టిన రాజ్యాంగాన్నే వాళ్ళు నిచ్చెన చేసుకున్నారు.

మన దగ్గర కూడా ఇది సాధ్యమే. ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన చిన్నది. తెలుగు పీరియడ్లో చేయించే కర్మణి-కర్తరి అభ్యాసాన్ని సాంఘికం పుస్తకం మీద చేయించండి. వారానికి పది వాక్యాలు చాలు. ‘చెత్త తొలగించబడుతుంది’ని కర్తరి చేయమనండి. ‘భూములు పంపిణీ చేయబడ్డాయి’ని కర్తరి చేయమనండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్ని సెంట్లు? జవాబు తెలియకపోతే తెలుసుకు రమ్మనండి. ఇంట్లో, వార్డు ఆఫీసులో, 2005 సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తులో. ఆ దరఖాస్తు రాయడమే ఒక పాఠం.

కార్యకర్తలకు ఒక మాట. జయంతికీ వర్ధంతికీ బడికి వెళ్ళి నోటుపుస్తకాలు పంచుతాం. మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు ఒక ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఒక కులం సర్టిఫికెట్టు ఫారం, ఒక గ్రామసభ నోటీసు తీసుకెళ్ళండి. వాటిని చదివించండి. 2023 డిసెంబరు ఆఖర్లో మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మె కట్టినప్పుడు చెత్త ‘తొలగించబడలేదు’. అప్పుడు ఊరంతటికీ కర్తలెవరో తెలిసింది. ఆ పాఠం సమ్మె రోజులకే పరిమితం కానక్కర లేదు.

విద్యార్థులకు చెప్పేది ఇది. మీకు తెలిసింది తక్కువ తెలివి కాదు. ఇప్పుడు అసెంబ్లీ కృష్ణకు అవతలి ఒడ్డున, వెలగపూడిలో ఉంది. పటమట నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకునే హక్కు మీది.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాం. మర్నాడు మున్సిపాలిటీ పాఠం మీద ఆమెను మళ్ళీ రాయమన్నాం. ముందు పుస్తకంలో వాక్యాలే రాసింది. ఆఖర్న కాస్త ఆగి, చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం చేర్చింది: ‘మా అమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్ళు కలిసి మా రోడ్డు ఊడుస్తారు, వాళ్ళకు రెండు నెలల జీతం రావాలి.’ దీనికి మార్కులుంటాయా అన్నా అని అడిగింది. పరీక్షలో ఉండవని నిజమే చెప్పాం. అయినా ఆమె ఆ వాక్యం కొట్టేయలేదు. దానికి మార్కులు వేసే బడి కోసం కొట్లాడాల్సింది పెద్దవాళ్ళం మనం.